గొడవ వాళ్లది, జీతం ఆగింది మాది

ప్రశ్న: మేడమ్ గారూ, మేం వర్జీనియాలో ఉంటాం. మా వారు కాంట్రాక్టు కంపెనీ తరఫున ఒక ఫెడరల్ ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తారు. నిధులు మంజూరు కాక ప్రభుత్వ ఆఫీసులు మూతపడి, 2025 అక్టోబరు 1న మొదలైన షట్‌డౌన్ వల్ల 43 రోజులు పని లేదు, జీతం లేదు. పక్క సీట్లో కూర్చునే ప్రభుత్వ ఉద్యోగికి ఆ జీతం తర్వాత వచ్చేసింది. మాకు ఒక్క డాలరూ రాలేదు. పాప కాలేజీ కోసం దాచింది తీసి ఇంటి లోను కట్టాం. మాకు రావాల్సింది ఏమైనా ఉందా? ఇంత పెద్ద దేశంలో రెండు పార్టీలు కూర్చుని ఒక బడ్జెట్ పాస్ చేసుకోలేవా? తప్పు ఎవరిది?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు డబ్బు సంగతి చెబుతానమ్మా. షట్‌డౌన్ రోజుల జీతం ప్రభుత్వ ఉద్యోగులకు తప్పకుండా ఇవ్వాలని 2019లో చట్టం చేశారు. అందులో కాంట్రాక్టు సిబ్బంది లేరు. మీ వారి వీసా ఏమిటో మీరు రాయలేదు. హెచ్-1బీ అయితే, పని లేదన్న కారణంతో కంపెనీ జీతం ఆపకూడదు, 'బెంచి' మీద ఉన్న రోజులకూ ఇవ్వాల్సిందే. సిటిజనో గ్రీన్ కార్డో అయితే రాష్ట్రం ఇచ్చే నిరుద్యోగ భృతి గురించి అడగండి. ప్రభుత్వ ఉద్యోగులైతే జీతం వచ్చాక ఆ భృతి వెనక్కి కట్టాలి. మీకు జీతమే రాలేదు కాబట్టి ఆ బెడద ఉండదు.

ఇక కూర్చుని పాస్ చేసుకోలేరా అన్న మాట. నేను కాలిఫోర్నియాలో ఒక ప్రభుత్వ శాఖ అకౌంట్స్‌లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. 2009లో అక్కడ రాష్ట్ర ఆదాయం పడిపోయింది. బడ్జెట్ పాస్ కావాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. ఒకళ్లు పన్ను పెంచనివ్వరు, ఇంకొకళ్లు ఖర్చు తగ్గించనివ్వరు. జులై వచ్చేసరికి ఖజానాలో నగదు చాలక, చెక్కులకు బదులు 'తర్వాత ఇస్తాం' అనే హామీ కాగితాలు ఇచ్చారు, 3.75 శాతం వడ్డీతో. కొద్ది రోజులకే పెద్ద బ్యాంకులు వాటిని తీసుకోవడం మానేశాయి. మాకు నెలకు మూడు శుక్రవారాలు జీతం లేని సెలవు. అదైనా ఎలాగో సర్దుకున్నాం. ఆఫీసులు శుభ్రం చేసే చిన్న కంపెనీ నడిపే ఆవిడ ఫోన్ చేసి, "నా దగ్గర ఆరుగురు పనిచేస్తున్నారు, ఈ కాగితం చింపి తలా ఒక ముక్క ఇవ్వమంటారా?" అని అడిగింది. ఆవిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. మీ ఉత్తరం చదువుతుంటే ఆ గొంతే మళ్లీ వినిపించింది.

మరుసటి ఏడాది బడ్జెట్ 100 రోజులు ఆలస్యమై అక్టోబరు 8న సంతకమైంది. ఆ నవంబరులోనే ఓటర్లు ప్రతిపాదన 25 పాస్ చేశారు. దాని ప్రకారం బడ్జెట్‌కు మామూలు మెజారిటీ చాలు, జూన్ 15 దాటితే శాసనసభ్యులకు ఆ రోజుల జీతం ఉండదు, తర్వాత కూడా ఇవ్వరు. పార్టీలు స్నేహితులైపోలేదు. పన్ను పెంచడానికి మూడింట రెండు వంతులు కావాలన్న నియమమూ పోలేదు. కానీ బడ్జెట్ టైముకి రావడం మొదలైంది. సభలు ఒకే పార్టీ చేతిలో ఉండటం కూడా అందుకు ఒక కారణం, అది దాచను.

వాషింగ్టన్‌లో చిక్కు సెనేట్‌లో ఉంది. ఖర్చుల బిల్లు ముందుకు కదలాలంటే 100లో 60 ఓట్లు కావాలి. 2025లో రిపబ్లికన్లు 53 మందే. ఏడాది చివర ముగిసిపోయే ఆరోగ్య బీమా సాయాన్ని పొడిగించమని డెమోక్రాట్లు, ముందు ఆఫీసులు తెరవండి, తర్వాత మాట్లాడదామని రిపబ్లికన్లు. బీమా సాయం నాకు న్యాయంగానే తోచింది. అయినా మీ వారి జీతాన్ని అడ్డం పెట్టి దాన్ని సాధించాలనుకోవడం తప్పే. 2013లో ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టాన్ని ఆపాలని రిపబ్లికన్లు 16 రోజులు, సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్లు కావాలని ట్రంప్ 2018-19లో 35 రోజులు ఇదే పని చేసినప్పుడూ తప్పే అన్నాను.

నాకు మరీ బాధ కలిగించేది ఇంకొకటి. 2024 ఆర్థిక సంవత్సరంలో ప్రభుత్వ ఖర్చు సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లు, రాబడి 4.92 లక్షల కోట్లు. ఈ లోటు మీద అసలు పేచీ పన్నుల దగ్గర, పెద్దవాళ్లకు పింఛనిచ్చే సోషల్ సెక్యూరిటీ, వైద్యం ఖర్చు చూసే మెడికేర్ల దగ్గర ఉంది. అవి శాశ్వత చట్టాల మీద నడుస్తాయి కాబట్టి షట్‌డౌన్‌లోనూ ఆగవు. ఏటా ఓటు వేయాల్సిన భాగం సుమారు 1.8 లక్షల కోట్లే. ఆగేది అదే. మీ వారి కాంట్రాక్టు అందులో ఉంది.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1980కి ముందు కూడా నిధుల బిల్లులు ఆలస్యమయ్యేవి, అయినా ఆఫీసులు చాలావరకు నడిచేవి. 1884 నాటి చట్టం ప్రకారం డబ్బు మంజూరు కాకుండా పని చేయించకూడదని 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి అభిప్రాయం ఇచ్చాక తలుపులు మూయడం మొదలైంది. విస్కాన్సిన్‌లో కొత్త బడ్జెట్ రాకపోతే పాతదే కొనసాగుతుంది. నార్త్ కరోలినాలోనూ దాదాపు అంతే. కాకపోతే అక్కడ ఎవరికీ తొందర లేక, 2019లో పూర్తి బడ్జెట్టే రాలేదు.

అందుకే నాకు రిపబ్లికన్ జేమ్స్ లాంక్‌ఫర్డ్, డెమోక్రాట్ మ్యాగీ హాసన్ కలిసి సెనేట్‌లో పెట్టిన బిల్లు నచ్చింది. బడ్జెట్ కుదరకపోతే 14 రోజుల చొప్పున పాత నిధులే వాటంతట అవి కొనసాగుతాయి. కుదిరేదాకా సభ్యులు ప్రభుత్వ ఖర్చుతో ఊళ్లకు వెళ్లకూడదు, వాషింగ్టన్‌లోనే ఉండి పని చేయాలి. ఈసారి ఓటు అడగడానికి వచ్చేవాళ్లు ఏ పార్టీ అయినా సరే, దీనికి ఓటు వేస్తారా లేదా అని అడగండమ్మా. మీ ఇంట్లో ఆగిన 43 రోజుల జీతం సంగతి చెప్పి మరీ అడగండి.