అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లు జిమ్‌లో బరువులు ఎత్తొచ్చా?

మీ తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) అని, స్టిరాయిడ్ కోర్సు అయ్యాక జిమ్‌లో చేరతానంటున్నాడని, చేరనివ్వొచ్చా అని అడిగారు. డాక్టర్ సరే అంటే మీరే దగ్గరుండి చేర్పించండి. నాదీ ఇదే జబ్బు. నన్నడిగితే, దీనికి స్టిరాయిడ్ రాసే ప్రతి డాక్టరూ అదే చీటీ మీద బరువులెత్తమని కూడా రాయాలి.

దీనికి రాసే స్టిరాయిడ్ ప్రెడ్నిసొలోన్ పేగులో వాపు తగ్గిస్తుంది కానీ, ఎక్కువకాలం వాడితే తొడల్లో, తుంటి దగ్గర కండ కరిగిపోతుంది, ఎముకలూ బలహీనపడతాయి. మొహం మాత్రం గుండ్రంగా ఉబ్బుతుంది. చూసేవాళ్లకి కనిపించేది ఆ మొహమే. పెళ్లిళ్లలో మా అత్తలు "ఒళ్లు చేశావే, ఇప్పుడు బాగున్నావ్" అనేవాళ్లు. అప్పటికి నేను పీట మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేను.

కూకట్‌పల్లిలో మా ఇంటి దగ్గర జిమ్‌లోనూ అదే జరిగింది. ట్రైనర్ కుర్రాడు నా మొహం చూసి ఫ్యాట్ లాస్ ప్లాన్ చేతిలో పెట్టాడు. పొద్దున్నే పరగడుపున ట్రెడ్‌మిల్, బర్పీలు, మధ్యాహ్నం పచ్చి కూరగాయ ముక్కలు, మొలకలు. జబ్బు సంగతి చెప్తే "గ్యాస్ ప్రాబ్లమా అక్కా? చెమట పడితే అదే పోతది" అన్నాడు. రెండో సెట్ మధ్యలో కడుపు మెలిపెట్టింది. డంబెల్స్ కింద పడేసి బాత్రూమ్‌కి పరిగెత్తాను. తాళం వేసి ఉంది. తాళంచెవి రిసెప్షన్‌లో ఉంటుందట, అక్కడ కూర్చునే అమ్మాయి టీకి వెళ్లిందట. వెనక నుంచి ఇతను "ఇంకో ఐదే అక్కా, మధ్యల ఆపితే ఎట్ల?" అని కేకలు. మెట్లు దిగి పక్కనున్న టిఫిన్ సెంటర్‌లోకి, ఎవర్నీ అడక్కుండా నేరుగా లోపలికి పోయాను. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకుని బాత్రూమ్‌కి తాళం వేసే జిమ్ అంటే నాకిప్పటికీ ఒళ్లు మంట.

తర్వాత చేరిన చోట పెద్దాయన ఒకరు, బరువు కూడా చూడకుండా, "చేతులు కట్టుకుని ఈ కుర్చీలోంచి లేవండమ్మా" అన్నారు. లేవలేకపోయాను. అక్కడి నుంచే మొదలుపెట్టించారు. ముందు ఎత్తు కుర్చీ, తర్వాత తక్కువ ఎత్తుది, ఆ తర్వాత గుండెలకి డంబెల్ హత్తుకుని. పొద్దున పూట పేగు ఊరుకోదు కాబట్టి సాయంత్రం వెళ్లేదాన్ని. ఊపిరి బిగబట్టి ఎత్తితే పొట్ట మీద ఒత్తిడి పడుతుంది, అందుకే ఎత్తేటప్పుడు ఊపిరి వదలమనేవారు. బరువులెత్తేవాళ్లు నడుముకి బిగించుకునే బెల్ట్ పెట్టనివ్వలేదు. రక్తం పోయి నా హిమోగ్లోబిన్ 9కి పడిపోయిన రోజుల్లో సెట్‌కీ సెట్‌కీ మధ్య ఆయాసం పూర్తిగా తగ్గేదాకా కూర్చోబెట్టేవారు. కడుపు కాస్త తేడాగా ఉంటే సగం బరువు. రక్తం కనిపిస్తే జిమ్ బంద్, డాక్టర్ దగ్గరికే.

ఒళ్లునొప్పులకి జిమ్‌లో ఎవరైనా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ బిళ్ల ఇస్తే తమ్ముణ్ణి ముట్టుకోనివ్వకండి. ఈ రకం నొప్పి బిళ్లలు జబ్బును మళ్లీ రేపగలవు. ప్రొటీన్ పౌడర్ కొంటే వే కాన్సంట్రేట్ (పాల నుంచి తీసే ఒక రకం పొడి) వద్దు, అందులో లాక్టోజ్, అంటే పాలలో ఉండే చక్కెర, ఎక్కువ. నాకైతే కోడిగుడ్డు, పెరుగన్నం మించింది లేదు.

ఇంకో మాట. విరేచనాలయ్యే మనిషి చెమట పట్టేలా పనిచేస్తే ఓఆర్ఎస్ దగ్గరుండాలి. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్టే కొనండి, లీటరు నీళ్లకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండేది. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి డ్రింకులు వద్దు. వాటి పేరులో ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి కొట్లాడితే గానీ అది కాలేదు. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయని పెద్ద కంపెనీలకి తెలియదా?

స్టిరాయిడ్ ఆపి ఎన్నాళ్లయింది, హిమోగ్లోబిన్ ఎంతుంది, కుర్చీలోంచి చెయ్యి ఆనించకుండా లేస్తున్నాడా, ఈ మూడూ కింద రాయండి. మొదటి నెల ఏం చేయించాలో చెప్తాను.