కీమో వార్డులో కుంగుబాటుపై పరిశోధన: 150 మంది సరిపోతారా?

ప్రశ్న: కీమో తీసుకుంటున్నవారికి కౌన్సెలింగ్ ఇస్తే కుంగుబాటు తగ్గుతుందా అని మా ఆస్పత్రిలో పరిశోధన మొదలుపెడుతున్నాం. లెక్క ప్రకారం చివరికి 120 మంది మిగలాలి. పావు వంతు మంది మధ్యలో మానేస్తారనుకుని 150 మందిని చేర్చుకుందామనుకుంటున్నాం. కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి వాడుతున్నాం. ఇంకేం చూసుకోవాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ లెక్క దిద్దుకోండి. 150లో పావు వంతు పోతే మిగిలేది 112 మందే. 120ని 0.75తో భాగిస్తే 160 వస్తుంది. అంతమందిని చేర్చుకోవాలి.

పీహెచ్‌క్యూ-9 గడిచిన రెండు వారాల సంగతి అడుగుతుంది. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. చిక్కెక్కడంటే నిద్ర పట్టకపోవడం, నీరసం, ఆకలి లేకపోవడం కీమో వల్లా వస్తాయి. ఒకరిని మందెక్కించిన వారానికి, ఇంకొకరిని మూడు వారాలకు అడిగితే మీరు కొలిచేది కుంగుబాటు కాదు, మందు దెబ్బ. 21 రోజుల సైకిల్ అయితే అందరినీ తర్వాతి డోసు ఎక్కించే రోజు, సెలైన్ పెట్టకముందే అడగండి. మొత్తం స్కోరు ఒక్కటే కాక ప్రతి ప్రశ్నకూ వచ్చిన అంకె విడిగా రాసుకోండి. శారీరక లక్షణాలను కావాలనే పక్కనపెట్టిన హాడ్స్ అనే 14 ప్రశ్నల కొలమానం ఉంది కానీ, దానికి లైసెన్సు తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం తొమ్మిదో ప్రశ్న. చచ్చిపోతే బాగుండనో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అని అడిగేది అదే. కాగితాలు కట్టగట్టి శనివారం కంప్యూటర్లో ఎక్కించే అలవాటు ఇక్కడ ప్రమాదం. రోగి వార్డు దాటకముందే ఆ జవాబు చూడాలి. సున్నా కాకుండా ఏ అంకె ఉన్నా ఒంటరిగా వదలకుండా ఆ పూటే సైకియాట్రిస్టుకు చూపించాలి. ఎవరికి ఫోన్ చేయాలి, ఆయన సెలవులో ఉంటే ఎవరికి అన్నది ప్రొటోకాల్‌లోనే రాసి ఎథిక్స్ కమిటీకి ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసిన చీటీ ఇవ్వడం మంచిదే, అది ఇచ్చి చేతులు దులుపుకోకూడదు.

మానేసేవారి విషయానికొస్తే, రోగి ఇచ్చే నంబరు తరచూ కొడుకుదో అల్లుడిదో అయి ఉంటుంది. రెండు నంబర్లు, ఫోన్ చేయదగ్గ వేళ, ఎవరితో ఏం చెప్పవచ్చో మొదటిరోజే రాసుకోండి. కీమో ముగిశాక పరిశోధన కోసమే రమ్మంటే బస్సు ఛార్జీలు మీరే ఇవ్వాలి. రానివారిని లెక్కలోంచి తీసేయకండి: బాగా కుంగినవారే రాకపోయి ఉండొచ్చు, అప్పుడు ఫలితం ఉన్నదానికన్నా అందంగా కనిపిస్తుంది. చనిపోయారా, వేరే ఆస్పత్రికి వెళ్లారా, వద్దన్నారా, దొరకలేదా అన్నది విడివిడిగా నమోదు చేయండి.

ప్రశ్న: ‘క్యాన్సర్ అని అమ్మకు చెప్పొద్దు’ అని పిల్లలు అడిగితే ఆమెను చేర్చుకోవచ్చా?

జవాబు: వద్దు. సమ్మతి పత్రంలో ఆ మాట ఉండి తీరుతుంది. చెప్పడం వైద్యం చేస్తున్న డాక్టరు పని, మీ కౌన్సెలర్‌ది కాదు. చదువురానివారి దగ్గర వేలిముద్ర తీసుకుంటే, మీ బృందానికి చెందని సాక్షి మొదటినుంచీ పక్కన ఉండాలి.

ప్రశ్న: సీటీఆర్‌ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, పరిశోధనను ఎప్పుడు నమోదు చేయాలి?

జవాబు: ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాక, మొదటి రోగిని చేర్చుకోకముందే. 2018 ఏప్రిల్ నుంచి, మొదలైపోయిన ట్రయల్స్‌ను వాళ్లు నమోదు చేసుకోవడం లేదు. రుసుమేమీ లేదు.