108 ముక్కల పెట్టె వద్దు, 10 నంబరు పానా కావాలి

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసై ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడులో చేరాడు. ఇంట్లో పాత ఆల్టో 800 ఉంది. సెలవు రోజుల్లో దాని మీద పని నేర్చుకుంటానంటూ ఆన్‌లైన్‌లో 10,000 రూపాయల టూల్ సెట్ ఒకటి చూపిస్తున్నాడు. అందులో 108 ముక్కలున్నాయట. కొనిపెట్టమంటారా? కాకపోతే ఏవి కొనాలి? వాడు ఇంటర్ చదివి ఇంజినీరింగ్‌కు వెళ్లలేదన్న బెంగ కూడా ఇంట్లో కాస్త ఉంది.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: పనిముట్లు కొనిపెట్టండి. ఆ పెట్టె మాత్రం వద్దు.

ముందుగా ఒక విషయం. ఐటీఐలో నేర్చుకోవడానికి మీరు ఏమీ కొనక్కర్లేదు. ఈ ట్రేడు పాఠ్యప్రణాళికలోనే శిక్షణార్థుల పనిముట్ల పెట్టె జాబితా ఉంటుంది. పానాలు, సాకెట్లు, సుత్తి, ఆకురాయి, సెంటర్ పంచ్ అన్నీ సంస్థే సమకూర్చాలి. కాబట్టి మీరు కొనేది ఇంటి దగ్గర సాధన కోసమే. ఆ సాధన విలువైనదే. పాతికమంది పిల్లలు ఒక్క ఇంజిన్ చుట్టూ మూగే వర్క్‌షాపులో ఒక్కొక్కరి చేతికి పానా వచ్చేది కొద్ది నిమిషాలే.

ఇక ఆ 108 ముక్కల సంగతి. అలాంటి సెట్లలో చాలాభాగం స్క్రూడ్రైవర్ బిట్లు, 4, 4.5, 5 మి.మీ. బుల్లి సాకెట్లు. కారు మీద వాటితో పెద్దగా పనిపడదు. అవి అంకె పెంచడానికే. రోజూ చేతిలో ఉండాల్సిన రింగు పానాలు చాలా సెట్లలో అసలు ఉండవు. మీ ఆల్టోకు ఏ సైజులు కావాలో చూస్తే ఈ తేడా తెలుస్తుంది. జపాన్ పద్ధతిలో తయారైన మారుతీ కార్లలో ఎక్కువగా తగిలేవి 8, 10, 12, 14, 17, 19 మి.మీ. నట్లు, బోల్టులు. బ్యాటరీ టెర్మినల్ నట్టు 10. చక్రాల నట్లు 19. టాటా, మహీంద్రా బండ్లలో 13, 16, 18 కూడా వస్తాయి. ఈ పది సైజుల లోపు పనిముట్లు మంచివి కొంటే ఇంటి దగ్గర చేయగలిగే పనుల్లో ముప్పావు వంతు అయిపోతాయి.

మొదట రింగు పానా సెట్టు, తర్వాత డబుల్ ఎండ్ పానా (రెండు కొనల్లోనూ నోరు తెరిచి ఉండేది) సెట్టు. చాలామంది వరస తిప్పి కొంటారు, నష్టం అక్కడే మొదలవుతుంది. నోరు తెరిచిన పానా బోల్టు తలను రెండు పక్కల మాత్రమే పట్టుకుంటుంది. తుప్పుపట్టి బిగిసిన బోల్టు మీద బలం పెట్టగానే పానా నోరు కొంచెం విచ్చుకుంటుంది, జారుతుంది, బోల్టు మూలలు కొరుకుపడతాయి. రెండుసార్లు జారితే తల గుండ్రంగా అయిపోతుంది. ఆ తర్వాత ఏ పానా పట్టదు, మెకానిక్ వచ్చి ఉలితో కొట్టి తీయాల్సిందే. రింగు పానా ఆరు మూలలనూ చుట్టి పట్టుకుంటుంది. అందుకని బిగువు వదిలించేటప్పుడు రింగు, వదులైన తర్వాత గబగబా తిప్పడానికి నోటి పానా. 12 నంబరు బోల్టుకు 13 పానా పెట్టినా తిరుగుతుంది, తిరుగుతూ తిరుగుతూ మూలలు తినేస్తుంది. పిల్లలు ఇక్కడే పొరబడతారు. పానా పెట్టగానే ఆట లేకుండా కూర్చుందా లేదా అని వేలితో కదిపి చూసే అలవాటు మొదటి రోజే పడాలి. మరొకటి: పానాను వీలైనంతవరకు తనవైపు లాగాలి. ముందుకు నెట్టితే అది జారిన క్షణంలో చేతి కణుపులు వెళ్లి రేడియేటర్‌కో బ్రాకెట్‌కో తగులుతాయి. అడ్జస్టబుల్ పానా ఇంటి కుళాయికి బాగుంటుంది. కారుకు వద్దు.

బోల్టు తల మీద టోపీలా కూర్చునే సాకెట్ల విషయంలో అరంగుళం డ్రైవు (హ్యాండిల్ దిగే చదరపు రంధ్రం) సెట్టు తీసుకోండి. లోపల పన్నెండు మూలలున్నవి, ఆరు మూలలున్నవి రెండు రకాలూ దొరుకుతాయి. ఆరు మూలలవే అడగండి. బోల్టు తల పాడుకాదు. అరంగుళం ఎందుకంటే, ఒక సాకెట్ పోయినా విరిగినా చిన్న ఊళ్లో కూడా విడిగా దొరుకుతుంది. 10 నంబరు సాకెట్ ఎలాగూ పోతుంది, ప్రపంచంలో ఏ మెకానిక్‌నైనా అడగండి. రాచెట్‌తో (సాకెట్‌ను తీసి మళ్లీ పెట్టకుండానే అటూ ఇటూ ఊపుతూ తిప్పే పళ్ల హ్యాండిల్) పాటు పొడవైన గట్టి హ్యాండిల్, ఒక ఎక్స్‌టెన్షన్ రాడ్డు ఉండాలి. బిగిసిన నట్టును రాచెట్‌తో లాగితే దాని లోపలి పళ్లు అరుగుతాయి. ముందు గట్టి హ్యాండిల్‌తో వదిలించి, ఆ తర్వాతే రాచెట్ వాడాలి. స్పార్క్ ప్లగ్గుకు రబ్బరు పట్టుండే ప్రత్యేక సాకెట్ కావాలి. 16, 21 సైజులు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. పాత ప్లగ్గును దుకాణానికి తీసుకెళ్లి సరిపోయేది కొనుక్కోవడం ఉత్తమం.

కటింగ్ ప్లేయర్, ముక్కు పట్టకారు, రెండు సైజుల్లో స్టార్ స్క్రూడ్రైవర్లు, రెండు చదును స్క్రూడ్రైవర్లు, అలెన్ కీల సెట్టు, అర కిలో సుత్తి, తలకు కట్టుకునే లైటు. వీటి గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. తక్కువ ధర స్టార్ స్క్రూడ్రైవర్ మాత్రం కొనకండి. కొన మెత్తగా ఉండి స్క్రూ గాడిని చెరిపేస్తుంది.

ఒక చిన్న మల్టీమీటర్ తప్పనిసరి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత బాగా చార్జి అయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా సుమారు 13.8 నుంచి 14.4 రావాలి. రాకపోతే లోపం బ్యాటరీదా, దాన్ని చార్జి చేసే ఆల్టర్నేటర్‌దా అని ఆలోచించడం మొదలవుతుంది. ఆ ఆలోచనే ఈ వృత్తిలో జీతం పెంచుతుంది. పానా తిప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. లోపం ఎక్కడుందో కొలిచి చెప్పేవాళ్లు తక్కువ.

ఇప్పుడు మీరు, అంటే తండ్రిగా మీరు, పట్టుబట్టాల్సిన వస్తువు. జాకీతో ఎత్తిన కారును ఆన్చి నిలిపే జాకీ స్టాండ్ల జత. కారుతో వచ్చే జాకీ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద కారును నిలిపి కిందికి దూరడం ప్రాణాంతకం. ఆల్టో చిన్న కారే, కానీ దాదాపు 700 కిలోలు. గట్టి చదును నేల, హ్యాండ్‌బ్రేకు, గేరు, నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు, మాన్యువల్‌లో చూపిన చోటే జాకీ, ఆపై రెండు టన్నుల స్టాండ్లు. స్టాండ్ల మీద కూర్చోబెట్టాక కారును పక్కలనుంచి గట్టిగా ఊపి చూసి, అప్పుడే చెయ్యి లోపలికి పెట్టాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టడం చాలా ఇళ్లలో చూస్తుంటాం. అవి హఠాత్తుగా పగులుతాయి. స్టాండ్లు కొనేదాకా కారు కింది పని మొదలుపెట్టనివ్వకండి, వాడు ఎంత అలిగినా సరే.

ఆ తర్వాతి విడతలో టార్క్ రెంచి కొనండి. నట్టును ఎంత బలంతో బిగించాలో ముందే పెట్టుకునే పానా అది. కొంచెం ఖరీదే. చక్రాల నట్లను కాలితో తొక్కి బిగించడం టైర్ల షాపుల్లో రోజూ కనిపించే దృశ్యం. అలా చేస్తే స్టడ్లు (ఆ నట్లు ఎక్కే బోల్టులు) సాగుతాయి, రోడ్డు మీద పంక్చరైనప్పుడు ఇంటావిడకో మీకో ఆ నట్లు ఊడవు. చిన్న కార్లలో చాలావాటికి 80 నుంచి 120 న్యూటన్ మీటర్ల (బిగింపు బలానికి కొలత) మధ్య చాలు, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. ఒక నట్టు తర్వాత దాని ఎదురు నట్టు బిగించాలి. రెంచి టిక్కుమనగానే ఆపాలి. వాడిన తర్వాత స్ప్రింగును తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి. దానితో బోల్టులు ఊడదీయకూడదు.

కొనడానికి విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే. సికింద్రాబాద్ వైపు వెళ్తే రాణీగంజ్. దుకాణంలో పానా చేత్తో పట్టుకుని చూడండి. క్రోమ్ వనాడియం అన్న ముద్ర, సైజు అంకె లోహంలో స్పష్టంగా దిగి ఉండాలి, పూత పొరలుగా లేవకూడదు. తపారియా, ఈస్ట్‌మన్ లాంటివి చాలామంది మెకానిక్‌లు వాడేవే, కానీ నకిలీలు కూడా తిరుగుతుంటాయి, బిల్లు అడగండి. 10,000 ఒక్కసారే పెట్టకండి. సగంతో మొదలుపెట్టి, ఏ పని వస్తే దానికి కావలసిన పనిముట్టు అప్పుడే కొనండి.

పనులకూ ఒక వరస ఉంది. ముందు ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయడం. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. తర్వాత స్పార్క్ ప్లగ్గులు. ఆల్టోకు మూడే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. మళ్లీ పెట్టేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం మరలో ప్లగ్గు వంకరగా ఎక్కితే సిలిండర్ హెడ్డే పాడవుతుంది. ఆపైన చక్రాలు మార్చడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం. తీసిన ఆయిల్‌ను కాలువలో పోయనివ్వకండి, డబ్బాలో పట్టి గ్యారేజీకి ఇవ్వండి. బ్రేకులు, స్టీరింగ్, పసుపు కనెక్టర్లున్న ఎయిర్‌బ్యాగు వైర్లు ఇంటి సాధనలోకి రాకూడదు, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుంటేనే. వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోకూడదు.

ఇంట్లో ఉన్న బెంగ గురించి. ఇది రెండేళ్ల ట్రేడు, దీనితో దారులు మూసుకుపోవు. ఐటీఐ పాసైనవాళ్లు బ్రిడ్జి కోర్సు ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరవచ్చు, డిప్లొమా తర్వాత ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదికి వెళ్లవచ్చు. వాడికి ఇష్టం ఉంటేనే సుమా. ఎలక్ట్రిక్ కార్లు వస్తే ఈ పని ఏమవుతుందని చాలామంది తల్లిదండ్రులు అడుగుతున్నారు. వాటికి ఇంజిన్ ఆయిల్, ప్లగ్గులు ఉండవు. బ్రేకులు, సస్పెన్షన్, చక్రాలు, 12 వోల్టుల వైరింగ్ ఉంటాయి. నారింజ రంగు హై వోల్టేజీ కేబుళ్ల మీద పని చేయడానికి మాత్రం వేరే శిక్షణ, ఇన్సులేటెడ్ పనిముట్లు కావాలి. మల్టీమీటర్ అలవాటైన పిల్లవాడికి ఆ శిక్షణ తేలిక.

రెండో ఏడాది పరీక్షలు దగ్గర పడగానే అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించండి. ఏపీఎస్‌ఆర్టీసీ డిపోలు, కార్ల కంపెనీల సర్వీసు కేంద్రాలు ఈ ట్రేడువాళ్లను తీసుకుంటాయి. ప్రకటనలు వచ్చాక గడువు తక్కువ ఉంటుంది కాబట్టి ఆధార్, పదో తరగతి మెమో, బ్యాంకు ఖాతా వివరాల్లో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.