పాత మస్టాంగ్‌కు కొత్త యాక్సిల్: 401(కె) సొమ్ము తీయవచ్చా?

ప్రశ్న: డాలస్‌లో ఉద్యోగం. వయసు 38. నా 1967 ఫోర్డ్ మస్టాంగ్‌ను గ్యారేజీలో సొంతంగా బాగుచేసుకుంటున్నాను. పాత 289 (ఘనపు అంగుళాల) ఇంజిన్ తీసి, 400 హార్స్‌పవర్ ఇంజిన్ పెట్టబోతున్నాను. వెనుక చక్రాలను తిప్పే ఎనిమిది అంగుళాల యాక్సిల్ (అంగుళాలంటే లోపలి పెద్ద గేరు వ్యాసం) బదులు తొమ్మిది అంగుళాలది, డిస్క్ బ్రేకులతో కలిపి 3,800 డాలర్లు చెప్పారు. నెలకు 500 మిగులుతుంది. 401(కె), అంటే ఉద్యోగం ద్వారా రిటైర్మెంటు కోసం దాచుకునే ఖాతా, నుంచి అప్పు తీసుకోనా?

జవాబు: యాక్సిల్ మార్చాలన్న నిర్ణయం సరైనదే. యాక్సిల్ లోపలి పాత ఇరుసులు (28 స్ప్లైన్లవి, అంటే చివర గేరులో ఇమిడే 28 పళ్లున్నవి) మామూలు 289కి చాలు. 400 హార్స్‌పవర్‌తో, పట్టున్న టైర్లతో క్లచ్ ఒక్కసారిగా వదిలితే తట్టుకోవడం కష్టం. కానీ దీనికోసం 401(కె) ముట్టుకోకండి.

కట్టే వడ్డీ తిరిగి మన ఖాతాలోకే వస్తుంది కాబట్టి ఆ అప్పు చవకగా కనిపిస్తుంది. చిక్కంతా ఉద్యోగం మానేసినప్పుడే. మిగిలిన బాకీని ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా జమ చేయలేకపోతే, దాన్ని మీరు వాడుకున్న ఆదాయంగా లెక్కిస్తారు. పన్నుతో పాటు, మీ వయసుకు 10 శాతం జరిమానా కూడా పడుతుంది. మీరు హెచ్-1బిపై ఉంటే ఇంకా జాగ్రత్త: ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికి దొరికేది గరిష్ఠంగా 60 రోజులు. అలాంటి సమయంలో ఈ బాకీ కూడా నెత్తిన ఉండకూడదు.

పైగా ఖర్చు 3,800తో ఆగదు. ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కు చేర్చే డ్రైవ్ షాఫ్ట్ పొడవు సరిచేయించి బ్యాలెన్స్ చేయించాలి. బ్రేకు పైపులు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ మారతాయి. వెనక్కి డిస్కులు వస్తే ముందు, వెనుక బ్రేకుల ఒత్తిడిని సరిచేసే వాల్వు కావాలి. వీటికి మరో వెయ్యి అనుకోండి. మొత్తం 4,800. మీ మిగులుతో పది నెలల్లో చేతికొస్తుంది.

ఇంతకంటే తక్కువలో అయ్యే దారి ఒకటుంది, నాకు అదే నచ్చుతుంది. 1995-2001 మధ్య వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల 8.8 అంగుళాల యాక్సిల్ పాత కార్ల యార్డుల్లో కొన్ని వందల డాలర్లకే దొరుకుతుంది. 31 స్ప్లైన్ల బలమైన ఇరుసులు, డిస్క్ బ్రేకులు దానికి ముందే ఉంటాయి. చక్రం బోల్టుల అమరిక మీ కారుదే. వెడల్పూ దాదాపు సరిపోతుంది. డ్రైవర్ తలుపు పక్కన అతికించిన స్టిక్కర్‌లో యాక్సిల్ కోడ్ డి4 అని ఉంటే 3.73 గేరు నిష్పత్తితో (డ్రైవ్ షాఫ్ట్ 3.73 చుట్లకు చక్రం ఒక చుట్టు) లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి శక్తి అందించే ఏర్పాటు) ఉన్నట్టే. లీఫ్ స్ప్రింగుల పీఠాలను కొత్తచోట వెల్డింగ్ చేయించాలి. ఈ పని మంచి వెల్డర్‌కే ఇవ్వండి. ఇరుసు విరిగితే చక్రం బయటికి వచ్చే అవకాశం 8.8లో ఉంది. కాబట్టి డ్రాగ్ రేసులే మీ ఉద్దేశమైతే మాత్రం తొమ్మిది అంగుళాలదానికే డబ్బు కూడబెట్టండి.

ఏది కొన్నా ముందు రిమ్ములు, టైర్లు ఖరారు చేసుకోండి. టైరుకూ ఫెండర్ అంచుకూ, టైరుకూ స్ప్రింగుకూ మధ్య ఎంత చోటుందో కొలిచాకే యాక్సిల్ వెడల్పు తేలుతుంది. ఇప్పుడే ఆర్డరిచ్చి, తర్వాత టైర్లు మారిస్తే ఆ డబ్బు వృథా.

పని మొదలుపెట్టకముందే బీమా కంపెనీకి చెప్పి, ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీకి మారండి. రసీదులు, ఫొటోలు దాచండి. కారు అమ్మినప్పుడు యాక్సిల్‌కు పెట్టింది పూర్తిగా రాదు. దీన్ని మీ సరదా ఖర్చులోనే రాసుకోండి.