రాత్రిపూట బిడ్డకు జ్వరం: ఫోన్ చేసేముందు సీసా మీద అంకె చూడండి

పొందూరు దగ్గర పల్లెలో ఉంటున్నాం, రాత్రి పిల్లల డాక్టర్ ఎవరూ దొరకరు, రెండేళ్ల పాపకు జ్వరం వస్తే తెల్లారేదాకా ఎవర్ని అడగాలి అని ఒకరు అడిగారు. మాది ఆమదాలవలస పక్క పల్లె. మాకూ అదే ఇబ్బంది.

104కి ఫోన్ చేయండి. 104 అంటే పగలు ఊళ్లోకి వచ్చే మందుల బండి అనే చాలామంది అనుకుంటారు. కరోనా రోజుల్లో బెడ్ల కోసం అందరం కొట్టిన నంబర్ అదే. నాకు అర్ధరాత్రి సలహా దొరికింది కూడా అక్కడే.

పోయిన వానాకాలం మా బాబుకి రెండున్నరేళ్లు. మా ఆయనకి విశాఖలో పని, ఇంట్లో నేనూ మా అత్తయ్యా. రాత్రి పదకొండుకి బాబు ఒళ్లు కాలిపోతోంది, థర్మామీటర్ 103 చూపించింది. ఎప్పుడూ చూపించే డాక్టరుగారు ఫోన్ ఎత్తలేదు. పగలంతా పేషెంట్లని చూసిన మనిషి, పడుకుని ఉంటారు. అప్పుడు 104 కొట్టాను.

లైన్లోకి వచ్చిన డాక్టరమ్మ ముందు అడిగింది బాబు బరువు. అంగన్‌వాడీలో అంతకుముందే తూచారు కాబట్టి 11 కిలోలని వెంటనే చెప్పగలిగాను. నీళ్లు తాగుతున్నాడా, వాంతులయ్యాయా, ఆఖరిసారి ఉచ్చ ఎప్పుడు పోసుకున్నాడు, ఏం మందు వేశారు అని అడిగారు. పారాసెటమాల్ సిరప్ 6 ఎంఎల్ పట్టబోతున్నానండీ అన్నాను. మా డాక్టరుగారు పాత సీసాకి చెప్పిన లెక్క అది.

"5 ఎంఎల్‌కి ఎంత అని రాసుందో చదవమ్మా" అన్నారు.

ఫోన్ లైట్ వేసి చూశాను. పాత సీసాలో 5 ఎంఎల్‌కి 120 మిల్లీగ్రాములు. సాయంత్రం మెడికల్ షాపులో తెచ్చింది 250. అదే కంపెనీ, అదే రంగు డబ్బా, అంకె మాత్రం చీమంత. నేను పట్టబోయింది 300 మిల్లీగ్రాములు. బాబు బరువుకి 150 చాలు, అంటే ఆ సీసాలోంచి 3 ఎంఎల్. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, డోసుకీ డోసుకీ మధ్య 4 నుంచి 6 గంటలు, రోజు మొత్తంలో నాలుగుసార్లు మించొద్దన్నారు. చుక్కల మందైతే ఇంకా చిక్కన, 1 ఎంఎల్‌లోనే 100 ఉంటుంది. అప్పటికే మూత నిండా మందు పోసి పట్టుకున్నాను. దాన్ని వెనక్కి వంపుతుంటే చెయ్యి వణికింది.

తర్వాత చొక్కా ఎత్తి, నిమిషం నిండా పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో లెక్కపెట్టమన్నారు. 34. ఏడాది దాటిన పిల్లలకి 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50 వస్తే ఆయాసం కింద లెక్కట. అత్తయ్య కప్పిన దుప్పటి తీయించారు. డెంగీ కాదని తేలేదాకా పారాసెటమాల్ తప్ప వేరే జ్వరం మందు వేయొద్దని, పొద్దున్నే చూపించమని చెప్పారు.

అయితే కొన్ని వాటికి ఫోన్లో సలహా అడుగుతూ కూర్చోకండి, నేరుగా 108కి చేయండి. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, లేపితే లేవకుండా మగతగా ఉన్నా, తాగిందల్లా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా ఆగొద్దు. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూడండి. చేతిలో తాళంచెవి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం దయచేసి చేయనివ్వకండి. మనకి శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రిలో (రిమ్స్ అంటుంటాం) క్యాజువాలిటీ రాత్రంతా ఉంటుంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక్క సీసానే ఉంచుతున్నాం. దాని మీద ప్లాస్టర్ అంటించి బాబు బరువు, ఎన్ని ఎంఎల్ పట్టాలో తెలుగులో రాశాను, అత్తయ్యకి ఇంగ్లీషు చదవడం రాదు. అంగన్‌వాడీలో తూచిన ప్రతిసారీ ప్లాస్టర్ మారుస్తాను.