చెమ్మెక్కిన గోడ, బతకని నందివర్ధనం: ఇల్లు–పెరడు ప్రశ్నలకు సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం గోదావరి డెల్టా పల్లెల నుంచే వచ్చాయి. గోడల గురించి అడిగినవారూ, మొక్కల గురించి అడిగినవారూ నిజానికి ఒకే విషయం అడిగారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైనప్పటి నుంచి మన నేలలో నీరు చాలా పైపైనే ఉంటోంది. ఆ నీరు ఎటు నుంచి వస్తోందో, ఎటు పోవాలో చూసుకోకుండా ఇంటి మీద పెట్టిన ఖర్చు నిలవదు. కాలువలు కట్టేసే వేసవి రోజులు దగ్గరపడుతున్నాయి గనుక, ఆ రోజులలో చేసుకోవలసిన పనులకు సంబంధించిన ప్రశ్నలను ముందుగా తీసుకుంటున్నాను.

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మా మామగారి తండ్రిగారు ఇటుక, సున్నంతో కట్టించిన పెంకుటింట్లో ఉంటున్నాము. ఇంటి ముందు రోడ్డును రెండుసార్లు ఎత్తు పెంచారు. అప్పటి నుంచి గదులలో నేల మొదలు మూడడుగుల వరకు గోడ చెమ్మెక్కి, తెల్లటి ఉప్పు పొంగి, పెచ్చులు ఊడుతున్నాయి. రెండేళ్ల క్రితం సిమెంటు పూత వేయించి రంగు కొట్టించాము. ఇప్పుడు చెమ్మ ఐదడుగులకు ఎక్కింది. ఈసారి ఐదడుగుల ఎత్తున టైల్స్ వేసేస్తే కనబడదని మేస్త్రీ అంటున్నారు. వేయించమంటారా? (ఒక గృహిణి)

సమాధానం: వేయించవద్దమ్మా. మీ ఉత్తరంలోనే కారణం ఉంది. పూత మార్చాక చెమ్మ తగ్గలేదు సరికదా, మరో రెండడుగులు పైకి పాకింది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టు, ఇటుకా సున్నమూ నేలలోని తడిని సన్నని రంధ్రాల గుండా పైకి లాగుతాయి. పాత సున్నపు పూత ఆ తడిని గాలిలోకి వదిలేసేది. సిమెంటు పూత, దాని మీది ప్లాస్టిక్ రంగు ఆ దారిని మూసేశాయి గనుక, తడి ఇంకా పైకి ఎక్కి పూత లేని చోటు వెతుక్కుంది. టైల్స్ వేస్తే అది ఏడడుగులకు పోతుంది, లేదా గోడకు రెండో వైపున బయటపడుతుంది.

ముందుగా రూపాయి ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. చెమ్మ ఉన్న చోట పెచ్చులు గీకి, అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా గట్టి టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనుక, అంటే గోడ వైపున, నీటి బొట్లు పేరుకుంటే తడి గోడలోనిదే. గది వైపున పేరుకుంటే అది గాలిలోని తేమ, కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే తగ్గుతుంది. చెమ్మ ఆగిన గీత వెంట పెన్సిలుతో గుర్తు పెట్టి, పక్కన తేదీ రాయండి. గీత ఇల్లంతా ఇంచుమించు ఒకే ఎత్తున ఉంటే తడి పునాది నుంచి వస్తున్నట్టు. ఒక్క చోట మాత్రమే ఉబికి ఉంటే ఆ గోడ వెనుక కుళాయి గొట్టమో, చూరు నీరు పడే చోటో ఉందేమో చూడాలి.

తడి పునాది నుంచేనని తేలితే పని బయట మొదలుపెట్టాలి, లోపల కాదు. రోడ్డుకు తోడు, ఏళ్ల తరబడి వాకిట్లో వేసిన మెరక కూడా గోడను ఆనుకుని లోపలి గచ్చు ఎత్తుకు వచ్చేసి ఉంటుంది. బయటి నేల లోపలి గచ్చు కంటే కనీసం ఆరంగుళాలు దిగువన ఉండేలా గోడ వెంట మట్టి తీయించండి. రోడ్డు వల్ల అలా వీలుకాని వైపున, గోడ పొడవునా అడుగు వెడల్పు కాలువ తీసి, అడుగున వాలు పెట్టి, నీరు బోదెలోకో డ్రెయినులోకో పోయే ఏర్పాటు చేయాలి. అయితే పునాది అడుగు దాకా ఎప్పుడూ తవ్వనివ్వకండి. మన నల్ల బంకమట్టి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది గనుక, పునాది పక్కన లోతుగా తవ్వితే గోడ బీటలు వారే ప్రమాదం ఉంది. చూరు నీరు గోడ మొదట్లో పడకుండా చూరు వెంట రేకు కాలువ కట్టించి దూరంగా దించండి. గోడను ఆనించి ఉన్న తులసి కోటకూ, పూల కుదుళ్లకూ రోజూ పోసే నీరు కూడా లెక్కలోకి వస్తుంది. వాటిని రెండు మూడడుగులు జరపండి.

ఆ తరువాత లోపల, చెమ్మ గీతకు అడుగు పై వరకు సిమెంటు పూత మొత్తం చెక్కించి, ఇటుకల సందులను అరంగుళం లోతున గీకించండి. పొంగిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి బయట పారేయాలి. నీళ్లతో కడిగితే అది కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఈ ఉప్పు గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. పునాది తడి తగ్గాక కూడా శ్రావణ భాద్రపదాలలో గోడ చెమరుస్తోందని చాలామంది కంగారు పడడానికి కారణం ఇదే. కాలువలు కట్టేసి నేలలో నీరు దిగే రోజులలో గోడను అలా ఇటుకతోనే వదిలేసి ఎండనివ్వండి. ఇంట్లో శుభకార్యం ఉందనీ, చూసేవారికి బాగుండదనీ ఇక్కడ తొందరపడితే పడిన కష్టమంతా వృథా అవుతుంది. మా ఇంటి దక్షిణపు గోడను రెండు నెలలు అలా వదిలేశాము. మొదట్లో వారానికి రెండుసార్లు ఉప్పు దులపవలసి వచ్చేది, చివరి వారాలలో చేతికి గుండ మాత్రమే తగిలేది.

ఎండిన గోడకు మళ్లీ సున్నపు పూతే వేయించండి. నానబెట్టిన సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన గోదావరి ఇసుక మూడు పాళ్లు కలిపి, అరంగుళానికి మించకుండా రెండు పొరలుగా వేయాలి. ఉప్పుటేటి ఇసుక వాడితే ఉప్పును మనమే తెచ్చి గోడకు పూసుకున్నట్టు అవుతుంది. సున్నం నానబెట్టేటప్పుడు నీటిలో సున్నం వేయాలే కాని సున్నం మీద నీరు పోయకూడదు. అది కుతకుత ఉడికి కళ్లలో చిందితే చూపు పోవచ్చు గనుక పిల్లలను దగ్గరికి రానివ్వకండి. సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుంది. కొన్నాళ్ల పాటు పలచగా తడుపుతూ ఉండి, పైన వెల్ల వేయించండి, ప్లాస్టిక్ రంగు వద్దు. ఇంత చేసినా చెమ్మ ఆగకపోతే, గచ్చుకు కొంచెం పైన, ఇటుకల మధ్య ఒకే వరుసలో నాలుగైదు అంగుళాలకు ఒకటి చొప్పున రంధ్రాలు వేసి, తడిని అడ్డుకునే సిలేన్ క్రీమును ఎక్కించే పద్ధతి ఉంది. ఆ పని తెలిసినవారితోనే చేయించాలి. జాకీలతో ఇల్లు ఎత్తించే ఆలోచన కూడా మీ ఉత్తరం చివర రాశారు. సున్నపు కట్టుబడి పాత గోడలను ఇంజనీరు స్వయంగా వచ్చి చూడకుండా ఎత్తించడానికి నేను ఒప్పుకోను.

ప్రశ్న: కడియం నర్సరీల నుంచి ఏటా నందివర్ధనం, గులాబీ, నిమ్మ మొక్కలు తెచ్చి పెరట్లో నాటుతున్నాము. మొదటి నెల బాగానే ఉండి, వానలు పడగానే ఆకులు పసుపుపచ్చబడి చచ్చిపోతున్నాయి. ఎరువు తక్కువైందా? మాది నల్లమట్టి, భీమవరం దగ్గర. (విశ్రాంత ఉపాధ్యాయుడు)

సమాధానం: ఎరువు కాదండీ, ఊపిరి తక్కువైంది. చచ్చిన మొక్కను ఒకసారి పెకలించి చూడండి. సంచిలో వచ్చిన ఎర్రమట్టి ముద్ద ముద్దగానే ఉండి, వేర్లు దాన్ని దాటి నల్లమట్టిలోకి వెళ్లి ఉండవు. వేళ్ల మధ్య నలిపితే వేరు పైతొక్క జారిపోయి, లోపల దారంలాంటి ఈనె మిగులుతుంది, కుళ్లు వాసన వస్తుంది. బంకమట్టిలో గుంట తీసి అందులో గుల్లగా ఉండే ఎర్రమట్టి ముద్దను దించితే, ఆ గుంట కుండలా పనిచేస్తుంది. చుట్టుపక్కల వాన నీరంతా అందులో చేరి, బయటికి పోయే దారి లేక వేర్లను ముంచేస్తుంది. గుంటలో ఎంత మంచి ఎరువు వేసినా ఆ కుండ పెద్దదవుతుందే తప్ప దానికి చిల్లు పడదు.

అడుగు లోతు గుంట తీసి నిండా నీరు పోయండి. అది ఇంకాక రెండోసారి నింపి గడియారం చూడండి. మర్నాటికి కూడా నీరు నిలిచి ఉంటే ఆ చోట గుంట తీసి నాటడం మానేయాలి. నేలను పారతో గుల్ల చేసి, దాని మీద అడుగున్నర ఎత్తు, మూడు నాలుగడుగుల వెడల్పు దిబ్బ పోసి, దిబ్బ నెత్తిన నాటాలి. మన రైతులు గట్ల మీద కొబ్బరినీ, కందినీ పెంచుతున్నది ఈ సూత్రంతోనే. దిబ్బకు పెరటి మట్టి సగం, ఇసుక కలిసిన లంక మట్టి పావు వంతు, మాగిన పశువుల ఎరువు పావు వంతు సరిపోతాయి. నాటేటప్పుడు ఎర్రమట్టి ముద్ద అంచులను వేళ్లతో విడదీసి, చుట్టుకుపోయిన వేర్లను చాపండి. సంచిని పూర్తిగా తీసేయండి, అడుగున కోసి వదిలేయవద్దు. కుదురు పల్లంగా కాక, మొదట్లో కొంచెం ఎత్తుగా, అంచుల వైపు వాలుగా ఉండాలి.

మీ దగ్గర చేపల, రొయ్యల చెరువులు ఉన్నాయని రాశారు గనుక మరో మాట. బోరు నీరు ఉప్పగా ఉంటే దిబ్బ పోసినా ఆకుల అంచులు మాడతాయి. మట్టి పరీక్షలో విద్యుత్ వాహకత, అంటే మట్టిలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పే అంకె, 4 దాటితే అది ఉప్పు నేల. జిప్సం పనిచేసేది సోడియం పట్టిన చౌడు నేలకు. ఒట్టి ఉప్పును మంచినీటితో కిందికి కడగాలే కాని జిప్సం వేసి ప్రయోజనం లేదు. అందుకు వాన నీటిని మించినది లేదు. కొబ్బరి పొట్టు వాడేవారు కూడా దానిని రెండు మూడు నీళ్లలో నానబెట్టి పిండాకే వాడాలి, పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుంది. ఉప్పు నేలలో కొబ్బరి, సపోటా, కాగితం పూలు, పాలకూర తట్టుకుంటాయి. చిక్కుడు, ముల్లంగి తట్టుకోలేవు.

ప్రశ్న: వానాకాలంలో తలుపులు ఉబ్బి పట్టేస్తున్నాయి. వడ్రంగి చేత చిత్రిక పట్టించాలా? (అమలాపురం నుంచి)

సమాధానం: వానాకాలంలో పట్టించవద్దు. ఎండాకాలంలో కర్ర ముడుచుకున్నాక సందు మరీ పెద్దదవుతుంది. వైశాఖంలో తలుపు దించి, ఎవరూ రంగు వేయని పై అంచుకూ కింది అంచుకూ రెండు పూతలు వేయించండి. కర్ర తేమ పీల్చేది ఎక్కువగా అక్కడి నుంచే.

ప్రశ్న: కొత్త ఇంటికి వాన నీటి ఇంకుడు గుంత తీయించమంటున్నారు. మాది అంతర్వేది వైపు. వానాకాలంలో నాలుగడుగులు తవ్వితే నీరు పడుతుంది. తాగడానికి మాత్రం నీరు కొనుక్కుంటున్నాము. (ఒక యువ రైతు)

సమాధానం: నాలుగడుగులలో నీరున్న చోట ఇంకుడు గుంత వానాకాలమంతా నిండి ఉండడం తప్ప చేసేదేమీ ఉండదు తమ్ముడూ. ఆ డబ్బును నీరు నిలవ చేసే తొట్టెకు పెట్టండి. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల జల్లు పడితే, తరుగు పోను సుమారు 800 లీటర్లు చేతికి వస్తాయి. మన ప్రాంతంలో ఏడాది వాన 1,000 మిల్లీమీటర్లు దాటుతుంది. నలుగురు ఉన్న ఇంట్లో తాగడానికీ వంటకూ రోజుకు 20 లీటర్లు వాడితే 5,000 లీటర్ల తొట్టె 250 రోజులు వస్తుంది.

తొట్టెను నేల మీదనే కట్టించండి. నేలలో దించిన సంపు ఖాళీగా ఉన్నప్పుడు వానాకాలపు ఊట దానిని పడవలా పైకి తోస్తుంది, గొట్టాలు విరిగిపోతాయి, గోడలు పగులుతాయి. ప్రతి వానలోనూ మొదటి 200 లీటర్లు డాబా మీది దుమ్మునూ, పక్షుల రెట్టనూ కడుక్కుని వస్తాయి గనుక వాటిని వేరే గొట్టంతో బయటికి వదిలేయాలి. తొట్టెలోకి వెలుతురు పోకూడదు, పోతే నాచు పడుతుంది. మూతకూ, పొర్లు గొట్టానికీ దోమల జాలీ తప్పనిసరి. తాగే ముందు కాచుకోండి. నుయ్యి ఉంటే పూడ్చకండి. సముద్రపు ఒడ్డు నేలలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. లోతు బోరుకు పెద్ద మోటారు పెట్టి గంటల తరబడి లాగితే కిందిది పైకి వస్తుంది. నూతిలో చిన్న మోటారుతో కొంచెం కొంచెంగా తోడుకోవడమే మేలు.

ప్రశ్న: ఇంటి పక్క కొబ్బరి చెట్ల ఆకులకు, వాటి కిందున్న గోడలకు, కారుకు నల్లటి మసి పట్టింది. చెట్లు కొట్టించేయమని పొరుగువారు అంటున్నారు. (అంబాజీపేట మండలం)

సమాధానం: కొట్టించవద్దు. ఆకు తిప్పి చూడండి. అడుగున సుడులు తిరిగిన తెల్లటి గీతలు, దూదిలాంటి మైనం కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. దీనిని మన దేశంలో 2016లో మొదట తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో గుర్తించారు. పురుగు విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజే మీరు చూస్తున్న మసి. ఘాటైన మందులు కొట్టవద్దు. దీనిని తినే మిత్ర పురుగులు ముందు చచ్చిపోయి, దోమ తిరిగి రెట్టింపవుతుంది. అందుబాటులో ఉన్న చెట్లకు ఆకు అడుగున బలంగా నీటి ధార కొట్టి, తరువాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను సబ్బు ద్రావణంతో కలిపి పిచికారీ చేయండి. మసి పట్టిన ఆకులకు లీటరు నీటికి 10 గ్రాముల మైదా ఉడికించిన గంజి చల్లితే, అది ఎండి మసితో సహా పొరలుగా రాలిపోతుంది. మీ మండలంలోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. దోమను చంపే ఇసారియా శిలీంధ్రం గురించి అక్కడ అడిగి, వారు చెప్పిన మోతాదులో సాయంత్రం పూట వాడండి. కొబ్బరికి తల్లివేరు ఉండదు గనుక అది పునాదిని పెకలిస్తుందన్న భయం అక్కరలేదు. అయితే ఇంటి కప్పు మీదికి వాలిన చెట్టుకు మాత్రం తుఫానుల కాలం రాకముందే, ఆశ్వయుజం లోపే, గెలలూ ఎండు మట్టలూ దింపించండి.