బయట నిలిపే కన్వర్టిబుల్ కారు: డబ్బు దేనిమీద పెట్టాలి?

ప్రశ్న: ఆరేళ్ల నాటి రెండు సీట్ల కన్వర్టిబుల్ స్పోర్ట్స్ కారు కొన్నాను. పైకప్పు గుడ్డది, మడిచి తెరిచే రకం. నాకు కవర్డ్ పార్కింగ్ లేదు, రాత్రీ పగలూ ఆరుబయటే ఉంచాలి. కాస్త దూరంలో కప్పు ఉన్న పార్కింగ్ అద్దెకు దొరుకుతోంది గానీ అద్దె ఎక్కువ. మంచి కవర్ కొంటే చాలని ఒకరు, ఇన్సూరెన్స్ ఉండగా టెన్షన్ ఎందుకని ఇంకొకరు అంటున్నారు. అత్యవసర నిధిలోంచి తీసి ఏడాది అద్దె ఒకేసారి కట్టేయమంటారా? కారును మరో అయిదేళ్లయినా ఉంచుకోవాలని ఉంది.

జవాబు: ముందు ఒక మాట. అత్యవసర నిధిని ముట్టుకోకండి. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా ఆదుకోవాల్సిన డబ్బు అది. కారు పార్కింగ్ నెలనెలా వచ్చే ఖర్చు, దాన్ని నెల జీతంలోంచే భరించగలగాలి. భరించలేకపోతే ఆ పార్కింగ్ మీ బడ్జెట్‌కు మించినదని అర్థం.

ఇక కారు సంగతి. బయట ఉంచిన కన్వర్టిబుల్‌కు రెండు రకాల నష్టాలు ఉంటాయి. దొంగతనం, వడగళ్లు, వరద, ఎవరో కత్తితో కప్పు కోయడం లాంటివి హఠాత్తుగా వస్తాయి. ఎండకు గుడ్డ వెలవడం, కుట్లు వదలడం, లోపల చెమ్మ చేరి బూజు పట్టడం నెమ్మదిగా జరుగుతాయి. సొంత కారుకు జరిగే నష్టాన్నీ భరించే కాంప్రహెన్సివ్ పాలసీ మొదటి రకానికి డబ్బిస్తుంది. రెండో రకానికి ఏ పాలసీ ఇవ్వదు, అరుగుదల కింద తీసేస్తుంది. ‘ఇన్సూరెన్స్ ఉందిగా’ అన్న మాటలో లోపం అదే. నెమ్మదిగా జరిగే నష్టాన్ని మీ శ్రమతో, మీరు పక్కన పెట్టుకున్న డబ్బుతో ఎదుర్కోవాలి. అదృష్టవశాత్తూ అందులో ఎక్కువ భాగం చవకే.

చాలామంది ఎండకే భయపడతారు. నన్నడిగితే నీళ్లే ఎక్కువ ఖర్చు తెచ్చిపెడతాయి. మంచి గుడ్డ కప్పులో పైన యాక్రిలిక్ గుడ్డ, మధ్యలో రబ్బరు పొర, లోపల మరో గుడ్డ ఉంటాయి. అది వానను బాగానే ఆపుతుంది. కానీ కప్పు మీద నుంచి జారిన నీళ్లు సన్నటి గొట్టాల గుండా కారు కిందికి పోవాలి. ఆ డ్రెయిన్ రంధ్రాల్లో ఆకులు, మట్టి పేరుకుంటే నీళ్లు వెనక్కి తన్ని సీట్ల కిందికి చేరతాయి. కార్పెట్ కింద స్పాంజి రోజుల తరబడి తడిగానే ఉంటుంది. అక్కడి నుంచి తుప్పు, వాసన మొదలవుతాయి. కొన్ని కార్లలో ఎలక్ట్రానిక్ యూనిట్లు కూడా ఆ తడిలోనే ఉంటాయి. మొదటి తరం పోర్షే బాక్‌స్టర్‌లో ఇమ్మొబిలైజర్ యూనిట్ (సరైన తాళంచెవి లేనిదే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వని పరికరం) సీటు కిందే ఉంటుంది. డ్రెయిన్లు మూసుకుపోయి అది తడిసిన కార్లు స్టార్ట్ కాకుండా నిలిచిపోయిన సంగతి ఆ కారు యజమానులకు బాగా తెలుసు. అరగంట పనితో ఆగే నష్టం అది. మీ కారుకు డ్రెయిన్లు ఎక్కడున్నాయో మాన్యువల్‌లో చూడండి, లేదా మెకానిక్‌ని అడిగి చూపించుకోండి. మూడు నెలలకోసారి, ఆకులు రాలే కాలంలో ఇంకా తరచుగా, మెత్తటి ప్లాస్టిక్ తీగతో శుభ్రం చేసి, చెంబెడు నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూసుకోండి. గట్టి ఇనుప తీగ దూర్చకండి, లోపలి గొట్టం చిరుగుతుంది.

ఇదే కారణంగా చెట్టు నీడ మంచి పార్కింగ్ కాదు. నీడ ఇచ్చినట్టే ఇచ్చి ఆకులు, జిగురు, పక్షి రెట్టలు రాలుస్తుంది. గోడ నీడ దొరికితే అది మేలు.

కవర్ గురించి. కవర్ కొనండి, కానీ ఎలాంటిదన్నది ముఖ్యం. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టా కప్పితే నేల నుంచి లేచిన తేమ లోపలే చిక్కుకుని గుడ్డకు బూజు పడుతుంది. బయట వాన ఆపుతూనే లోపలి తేమను బయటికి వదిలే రకం, లోపలివైపు మెత్తటి లైనింగ్, కారు కొలతకు కుట్టినది, కింద నుంచి పట్టీ బిగించేది తీసుకోండి. వదులుగా ఉండే కవర్ గాలికి కొట్టుకుంటూ పెయింట్‌ను గీస్తుంది. దుమ్ము పట్టిన కారు మీద, తడి కారు మీద, ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు కవర్ వేయకూడదు. రోజూ కారు తీసేవారైతే ఈ పద్ధతి పాటించలేరు, వారం తర్వాత కవర్ డిక్కీలోనే ఉండిపోతుంది. అలాంటప్పుడు కప్పునూ అద్దాలనూ మాత్రమే కప్పే సగం కవర్ చాలు. వేయడం, తీయడం సులువు, ధరా తక్కువ. నేనైతే రోజువారీ వాడకానికి దాన్నే చెబుతాను. వాడని ఖరీదైన కవర్ కన్నా వాడే చవక కవర్ మీ డబ్బుకు న్యాయం చేస్తుంది.

గుడ్డను మెత్తటి బ్రష్‌తో, ఘాటు లేని షాంపూతో కడిగి, పూర్తిగా ఆరాక నీటిని జారవిడిచే ఫ్యాబ్రిక్ ప్రొటెక్టర్ కొట్టించండి. ఏడాదికి రెండుసార్లు చాలు. ప్రెషర్ వాషర్ దగ్గరపెట్టి కొడితే కుట్లు లేస్తాయి. తడి కప్పును మడిచి పెట్టకండి. తలుపుల రబ్బరుకు సిలికాన్ ఆధారిత లూబ్రికెంట్ పూయండి, పెట్రోలియం జెల్లీ వద్దు. వెనుక కిటికీ గాజుదా ప్లాస్టిక్‌దా అన్నదీ చూడండి. మజ్దా ఎంఎక్స్-5 మొదటి తరంలో ప్లాస్టిక్ కిటికీ ఉండేది, 1998లో వచ్చిన రెండో తరానికి గాజు అమర్చారు. ప్లాస్టిక్ అయితే ఎండకు పసుపెక్కి మసకబారుతుంది, సగం కవర్ అవసరం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అద్దె పార్కింగ్ లెక్క. మీ కారుకు కొత్త కప్పు వేయించడానికి అయ్యే మొత్తం ఖర్చు 100 అనుకుందాం. ఆరుబయట ఆ కప్పు 8 ఏళ్లు, కవర్డ్ పార్కింగ్‌లో 14 ఏళ్లు మన్నుతుందని అనుకుందాం. ఇవి లెక్క కోసం వేసుకున్న అంకెలే, మీ మెకానిక్ చెప్పినవి వేసుకోండి. బయట ఉంచితే ఏడాదికి 12.5 చొప్పున, లోపల ఉంచితే సుమారు 7.1 చొప్పున అరుగుతుంది. తేడా 5.4. పెయింట్, లోపలి ప్లాస్టిక్, అమ్మేటప్పటి ధర అన్నీ కలిపి దాన్ని రెట్టింపు చేసినా 11 దాటదు. అంటే ఏడాది అద్దె కొత్త కప్పు ఖర్చులో తొమ్మిదో వంతు లోపు ఉంటేనే ఈ లెక్కలో అది గిట్టుబాటు. మీరు ‘అద్దె ఎక్కువ’ అన్నారు కాబట్టి గిట్టదనే నా అంచనా.

ఈ లెక్క మారే సందర్భాలున్నాయి. వడగళ్లు తరచుగా పడే చోటు, నీళ్లు నిలిచే వీధి, సముద్రపు ఉప్పు గాలి, కార్ల దొంగతనాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం అయితే అద్దెకు విలువ పెరుగుతుంది. లోపల పార్క్ చేస్తే ప్రీమియం తగ్గిస్తారేమో మీ బీమా కంపెనీని అడగండి, తగ్గే మొత్తాన్ని అద్దెలోంచి తీసేసి మళ్లీ లెక్క వేయండి. ఏడాదంతా కాకుండా వానలు, వడగళ్లు ఉండే నెలలకే అద్దెకు తీసుకునే వీలుందేమో కూడా కనుక్కోండి. నాకు నచ్చే మధ్యేమార్గం అదే.

ఇన్సూరెన్స్‌లో మూడు విషయాలు సరిచూసుకోండి. రాత్రి కారు ఎక్కడ ఉంటుందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గ్యారేజీలో అని రాయించి వీధిలో ఉంచితే, కొద్దిపాటి ప్రీమియం కోసం మొత్తం క్లెయిమ్‌కే ఎసరు పెట్టుకున్నట్టు. గుడ్డ, రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు తరుగుదల కోస్తారా, పూర్తి ఖర్చు ఇస్తారా అన్నది పాలసీ పత్రంలో చదవండి. ఫ్రేము పోను కప్పులో ఎక్కువగా ఉండేవి ఈ రకాల భాగాలే కాబట్టి, మీ లాంటి కారుకు తరుగుదల కోయని అదనపు కవరేజీ మామూలు కారు కంటే ఎక్కువ ఉపయోగం. కప్పు దెబ్బతిన్న ప్రతిసారీ క్లెయిమ్‌కు వెళ్లకండి. మీరు భరించాల్సిన వాటా, వచ్చే ఏళ్లలో పోయే నో క్లెయిమ్ తగ్గింపు (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చేది) కలిపి చూస్తే చిన్న చిరుగును సొంత ఖర్చుతో అతుకు వేయించడమే చవక కావచ్చు.

దొంగ కప్పు కోయకుండా తలుపులు తాళం వేయకుండా వదిలేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. యజమాని తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది బీమా పాలసీల్లో మామూలుగా ఉండే షరతు. తాళం వేయని కారు పోతే క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే కారణం ఇచ్చినట్టవుతుంది. తాళం వేయండి, లోపల బ్యాగు, ఛార్జర్, చిల్లర ఏదీ కనిపించనివ్వకండి. ట్రాకర్ పెట్టించండి.

మిగిలింది కప్పు కోసం నెలనెలా దాచడం. మీ కారుకు ఆరేళ్లు నిండాయి, కప్పు మొదటిదే అయితే ఇంకో మూడేళ్లలో ఖర్చు వస్తుందనుకుని సిద్ధపడటం మంచిది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో ఒకటి, కప్పుల పని మాత్రమే చేసే చోట ఒకటి, రెండు కొటేషన్లు తీసుకోండి. ఫ్రేము బాగుంటే గుడ్డ ఒక్కటే మార్చవచ్చు, రెండు ధరలకూ తేడా చాలా ఉంటుంది. ఆ మొత్తాన్ని 36తో భాగించి, వచ్చిన అంకెను జీతం పడిన రోజే ఎప్పుడైనా తీసుకునే వీలున్న రికరింగ్ డిపాజిట్‌లోకో, విడి సేవింగ్స్ ఖాతాలోకో పంపండి. మూడేళ్లలో వాడే డబ్బు కాబట్టి షేర్లలో పెట్టకండి. కప్పు అంతకన్నా ఎక్కువ కాలం మన్నితే సంతోషం, ఆ డబ్బు మీదగ్గరే ఉంటుంది. ముందే అమ్మాలనిపిస్తే, కన్వర్టిబుల్ కొనేవాడు మొదట చూసేది కప్పునూ, కార్పెట్ కింద తడినే కాబట్టి, ఆ డబ్బుతో కప్పు వేయించి అమ్మాలా, ధర తగ్గించి అమ్మాలా అన్నది అప్పటి కొటేషన్ చూసి తేల్చుకోవచ్చు.

ఈ వారాంతం చేయాల్సిన పనులు రెండే: డ్రెయిన్లు శుభ్రం చేయడం, పాలసీ పత్రం తీసి పార్కింగ్ చిరునామా సరిగ్గా ఉందో లేదో చూడటం. కవర్ జీతం వచ్చాక కొనుక్కోవచ్చు.